ముకుర్తు: పెద్దల సంచి కంప్యూటర్‌లోకి ఎలా వచ్చింది



పాత ఫోటోలు, పాటలు, పెద్దల మాటలు ఒకచోట భద్రం చేయాలన్న మాట మన సంఘంలో చాలా రోజులుగా నడుస్తోంది. అంత చర్చ ఎందుకు, ఫోన్‌లో తీసి యూట్యూబ్‌లో పెట్టేస్తే అయిపోదా అని మీలో చాలామందికి అనిపిస్తుంది. ఆ ప్రశ్నకు మా సొంత జవాబు చెప్పేకన్నా, మనలాంటి ఇంకో ఆదివాసీ జనం దానికి వెతుక్కున్న జవాబు చెప్పడం మేలనిపించింది. ఆ జనం పేరు వారుముంగు. వాళ్ల ఊరు ఆస్ట్రేలియా ఖండం నడిమధ్యన ఉంది. వాళ్ల మధ్య పుట్టిన ముకుర్తు అనే డిజిటల్ భాండాగారాన్ని ఈరోజు ప్రపంచంలో చాలా ఆదివాసీ సమాజాలు వాడుతున్నాయి. అది ఎలా పుట్టిందో, మనలాంటివాళ్లకు ఎంతవరకు పనికొస్తుందో ఈ వ్యాసంలో చూద్దాం.

ముందు ఆ నేల గురించి చెప్పాలి. టెనంట్ క్రీక్ చిన్న పట్టణం. డార్విన్ నగరానికి దక్షిణంగా దాదాపు 1000 కిలోమీటర్లు, ఆలిస్ స్ప్రింగ్స్‌కు ఉత్తరంగా 500 కిలోమీటర్లు. ఎర్రమట్టి, బండలు, ముళ్లగడ్డి. 1872లో ఖండానికి అడ్డంగా టెలిగ్రాఫ్ తీగ వేసినప్పుడు అక్కడ ఒక స్టేషన్ కట్టారు. తీగ వెనకాలే పశువుల మందలు వచ్చాయి, మందల వెనక తుపాకులు వచ్చాయి. 1892లో వారుముంగు వాళ్లకంటూ కొంత భూమిని రిజర్వుగా ప్రకటించారు. 1930లలో ఆ చుట్టుపక్కల బంగారం దొరికింది. 1934లో రిజర్వు రద్దయింది. అడవి మనది, కింద దొరికిన రాయి మాత్రం సర్కారుది అనే లెక్క మన ప్రాంతంలో పుట్టిన పిల్లలకు విడమరచి చెప్పనక్కరలేదు.

నీళ్లు లేని చోటుకు తోలారు, అక్కడినుంచి మరో చోటుకు తోలారు. 1945లో ఫిలిప్ క్రీక్ అనే చోట ఒక మిషన్ ఆశ్రమం. 1956లో ఇంకా దక్షిణాన వారాబ్రి అనే సెటిల్‌మెంట్. ఈ రెంటి మధ్య 1947లో జరిగిన ఒక సంగతి ఉంది. ఆదివాసీ తల్లులకు, తెల్ల తండ్రులకు పుట్టిన 16 మంది పిల్లలను ఫిలిప్ క్రీక్ నుంచి లారీ ఎక్కించి, దూరాన డార్విన్‌లో ఉన్న రెట్టా డిక్సన్ హోమ్‌కు తీసుకుపోయారు. తల్లులు అక్కడే మిగిలిపోయారు. ఆ పిల్లల్లో ఒకామె పెద్దయ్యాక, ముసలితనంలో, ప్రభుత్వం మీద కోర్టుకెక్కింది. 2000లో తీర్పు ఆమెకు వ్యతిరేకంగా వచ్చింది.

మేము హాస్టల్ నడిపేవాళ్లం. మా దగ్గరికి పిల్లలను తల్లిదండ్రులే చేయిపట్టుకుని తెస్తారు, పండుగకు వాళ్లే వచ్చి తీసుకుపోతారు. అయినా "హోమ్", "వార్డెన్" అనే మాటలు ఆ చరిత్రలో కనబడుతుంటే చదవడం తేలిక కాదు. ఆ ఆశ్రమాల్లో తీసిన ఫోటోలు ఉన్నాయి. వరసగా నిలబెట్టిన పిల్లలు, దువ్విన తలలు, తెల్ల గౌన్లు. ఎవరి పిల్లలో కింద రాసి లేదు. అలాంటి ఫోటో 50 ఏళ్ల తర్వాత ఒక కుటుంబానికి దొరికితే వాళ్లకు అది చరిత్ర పాఠం కాదు, తమ చెల్లెలు. అది అందరూ చూడాలా, వద్దా? ఆ ఇంటివాళ్లు కాక ఇంకెవరు చెప్పగలరు?

ఫోటోలు తీయడం అంతకు చాలా ముందే మొదలైంది. 1901లో స్పెన్సర్, గిల్లెన్ అనే ఇద్దరు కెమెరాతో, మైనపు గొట్టాల మీద శబ్దం పట్టే యంత్రంతో మధ్య ఆస్ట్రేలియా అంతా తిరిగారు. టెనంట్ క్రీక్ దగ్గర కొన్ని వారాలు మకాం వేసి, వారుముంగు పూజలు, క్రతువులు ఫోటోలు తీశారు. 1904లో పుస్తకం అచ్చయింది. సేకరించిన వస్తువులు, ఫోటోలు మెల్‌బోర్న్ మ్యూజియంకు చేరాయి. ఆ ఫోటోల్లో కొన్ని, దీక్ష తీసుకున్న మగవాళ్లు తప్ప ఎవరూ చూడకూడని క్రతువులవి. పుస్తకం కొన్న ప్రతివాడూ చూశాడు. వారుముంగు ఆడవాళ్లు, పిల్లలు కూడా పుస్తకం తెరిస్తే చూడక తప్పని పరిస్థితి వచ్చింది.

ఇది మనకు దూరపు కథగా అనిపించవచ్చు. మన జిల్లాలోనూ ఇలాంటి కథ ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము, అతని సహచరులు నేలకొరిగాక, గోండుల అసంతృప్తికి కారణాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్‌ను పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో ఉండి పనిచేశారు. 1943లో అక్కడే గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం పెట్టించారు. టీచరు ట్రైనింగ్ చేసిన మాకు ఆ సంగతి మీద ప్రత్యేకమైన అభిమానం ఉంది. పట్టాలు ఇప్పించడంలో ఆయన చేసిన మేలు మన పెద్దలు మరవలేదు. ఇద్దరి సమాధులూ మార్లవాయిలోనే ఉన్నాయి, ఏటా వర్ధంతి జరుగుతుంది. కానీ ఆయన తీసిన ఫోటోలు, సినిమా రీళ్లు ఉన్నది లండన్‌లో, సోయాస్ అనే విశ్వవిద్యాలయంలో. మన ముత్తాతల మొహాలు చూడాలంటే లండన్ కంప్యూటర్‌ను అడగాలి. మంచి మనిషి తీసినా, చెడ్డ మనిషి తీసినా, ఫోటో మాత్రం తీసినవాడి వెంటే పోతుంది.

మళ్లీ టెనంట్ క్రీక్‌కు వద్దాం. 1976లో ఆస్ట్రేలియాలో ఆదివాసీ భూహక్కుల చట్టం వచ్చింది. 1978లో వారుముంగు వాళ్లు తమ భూమి కోసం దావా వేశారు. నివేదిక రావడానికి 1988 దాకా పట్టింది. ఆ చట్టం ప్రకారం భూమి తమదని రుజువు చేయాలంటే, ఆ నేలలోని పవిత్ర స్థలాలతో తమకున్న సంబంధం చెప్పాలి. అంటే తాతలు రహస్యంగా దాచిన కథలు అధికారుల ముందు చెప్పాలి. చెప్పకపోతే భూమి రాదు, చెబితే కథ బయటపడుతుంది. అందుకే ఇలాంటి విచారణల్లో కొన్ని సాక్ష్యాలు మగవాళ్ల ముందు మాత్రమే, కొన్ని ఆడవాళ్ల ముందు మాత్రమే చెప్పే ఏర్పాటు చేసుకున్నారు. జ్ఞానానికి తలుపు ఉంటుందని, ఆ తలుపు దగ్గర ఎవరు నిలబడాలో ముందే తేల్చుకోవాలని వాళ్లకు కంప్యూటర్ రాకముందే బాగా తెలుసు.

1995లో కింబర్లీ క్రిస్టెన్ అనే అమెరికా పరిశోధకురాలు అక్కడికి వచ్చింది. ఏళ్ల తరబడి వస్తూ పోతూ వారుముంగు ఆడవాళ్లతో కలిసి పనిచేసింది. 2003లో టెనంట్ క్రీక్‌లో న్యింకా న్యున్యు అనే సాంస్కృతిక కేంద్రం తెరుచుకుంది. న్యింకా అంటే ఒక రకం ఉడుము. ఊరు మీదికొచ్చి కట్టుకున్నా ఆ చోటు వాళ్లకు పవిత్ర స్థలమే. ఆ ఏళ్లలోనే పాత మిషనరీలు, టీచర్లు, అధికారుల దగ్గరున్న ఫోటోలు డిజిటల్ కాపీలుగా తిరిగి రావడం మొదలైంది. అందరూ సంతోషించారు. ఆ సంతోషంతోపాటే చిక్కు కూడా వచ్చింది.

అక్కడి ఆచారం ప్రకారం చనిపోయినవారి ఫోటో అకస్మాత్తుగా కళ్లబడకూడదు. పేరు పలకడం కూడా కొంతకాలం ఆపుతారు. ఆడవాళ్ల క్రతువులు మగవాళ్లు చూడరు, మగవాళ్లవి ఆడవాళ్లు చూడరు. ఒక చోటి కథను ఆ చోటికి చెందిన చుట్టరికం ఉన్నవాళ్లే చెబుతారు. మామూలు కంప్యూటర్‌కు ఇవేమీ తెలియవు. మౌసు నొక్కితే ఒకదాని తర్వాత ఒకటి అన్నీ చూపిస్తుంది. అప్పటి మామూలు లైబ్రరీ సాఫ్ట్‌వేర్లలో ఎక్కువగా కనబడే తాళాలు రెండే: అందరికీ తెరవడం, ఎవరికీ తెరవకపోవడం. "ఆ ఇంటి ఆడవాళ్లకు మాత్రం" అనే తాళం వాటిలో తేలిగ్గా దొరికేది కాదు.

దాన్ని వాళ్లే తయారుచేయించుకున్నారు. 2007లో క్రిస్టెన్, క్రెయిగ్ డీట్రిచ్ అనే సాంకేతిక నిపుణుడు, వారుముంగు పెద్దలు కలిసి తయారుచేసినదే ముకుర్తు వుంపురార్ని-కారి ఆర్కైవ్. వుంపురార్ని-కారి అంటే ఆదివాసీ పద్ధతి. పేరు పెట్టింది ఒక వారుముంగు పెద్దాయన. ముకుర్తు అంటే అల్లిన సంచి. ఇంగ్లీషులో దాన్ని డిల్లీ బ్యాగ్ అంటారు, మన ఢిల్లీకీ దానికీ సంబంధం లేదు. పూర్వం పెద్దలు పవిత్ర వస్తువులను అందులో పెట్టేవారు. వయసు వచ్చి, బాధ్యత తెలిసి, పద్ధతిగా వచ్చి అడిగినవారికి సంచి తెరిచి చూపేవారు. అంటే దాచింది పూడ్చిపెట్టడానికి కాదు, తగిన మనిషికి అందించడానికి. కంప్యూటర్ కూడా అలా నడవాలని ఆయన ఉద్దేశం.

పని చేసే తీరు ఇలా ఉండేది. ప్రతి మనిషికీ ఒక పేరు, ఒక పాస్‌వర్డ్. ఆ మనిషి ఆడా మగా, ఏ కుటుంబం, ఏ చోటుకు చెందినవాళ్లు అనేది ముందే నమోదు చేస్తారు. లోపలికి వెళ్లాక వాళ్లు చూడదగ్గవే కనిపిస్తాయి. మిగతావి ఉన్నట్టు కూడా తెలియదు. ఫోటో పెట్టే ప్రతిసారీ ఇది ఎవరి కోసం అని సాఫ్ట్‌వేర్ అడుగుతుంది. ఎవరైనా చనిపోతే ఆ ఫోటోకు గుర్తు పెట్టొచ్చు, తర్వాత ఇంటివాళ్లు సరేనంటే తీసేయొచ్చు. ఆ మాట ఒక్కసారి చెప్పి వదిలేసేది కాదు. మనసు మారితే తాళమూ మారుతుంది.

కొన్నేళ్లకు దీన్ని ఎవరైనా వాడుకునే సాఫ్ట్‌వేర్‌గా మార్చి, ఓపెన్ సోర్స్‌గా విడుదల చేశారు. ఈ మాట దగ్గర ఆగాలి, ఇక్కడే మీలో చాలామంది పొరపడతారు. ఓపెన్ సోర్స్ అంటే సాఫ్ట్‌వేర్ లోపలి రాత, అంటే కోడ్, అందరికీ కనబడుతుంది. ఉచితంగా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వచ్చు. దానిలో పెట్టిన పాటలు, ఫోటోలు కూడా అందరివీ అయిపోతాయని అర్థం కాదు. గుమ్మి అల్లే పద్ధతి ఊరందరికీ తెలుసు, అడిగినవారికి నేర్పుతాం. అంతమాత్రాన మా గుమ్మిలోని జొన్నలు ఎవరైనా తోడుకుపోవచ్చా? అల్లిక బహిరంగం, గింజలు ఇంటివి.

సాఫ్ట్‌వేర్ సముద్రం దాటింది. అమెరికాలో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ దగ్గర స్పోకేన్, యాకమా, నెజ్ పెర్స్ వంటి తెగలు కలిసి ఒక ఉమ్మడి పోర్టల్ నడుపుతున్నాయి. అందులో మాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. ఒకే ఫోటోకు రెండు మూడు వివరాలు పక్కపక్కనే ఉండొచ్చు. మ్యూజియం ఎప్పుడో రాసిపెట్టిన "ఇండియన్ స్త్రీ, బుట్ట" అన్న మాట ఒకవైపు ఉంటే, మరోవైపు ఆ స్త్రీ పేరు, ఊరు, ఆ బుట్ట ఏ గడ్డితో అల్లారో ఆ తెగవాళ్లు రాసుకోవచ్చు. పాతదాన్ని చెరిపేయరు. ఎవరు ఏం రాశారో తర్వాతివాళ్లకు తెలుస్తుంది.

ఇంకో కథ మరీ పెద్దది. 1890 మార్చిలో జెస్సీ వాల్టర్ ఫ్యూక్స్ అనే ఆయన అమెరికా ఈశాన్య మూల ఉన్న మెయిన్ రాష్ట్రంలో పాసమక్వాడి ప్రజల దగ్గరికి ఎడిసన్ యంత్రం మోసుకుపోయాడు. నోయెల్ జోసెఫ్స్, పీటర్ సెల్మోర్ అనే ఇద్దరు పాసమక్వాడి పెద్దలు దాని ముందు పాడారు, కథలు చెప్పారు. ఆదివాసీల దగ్గరికే వెళ్లి ధ్వని పట్టిన మొదటి రికార్డింగులుగా వాటిని చెబుతారు. 31 మైనపు గొట్టాలు ఈనాటికీ ఉన్నాయి. ముందు హార్వర్డ్ మ్యూజియంలో, తర్వాత వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో. నూరేళ్లు దాటాక గరగరలాడే ఆ ధ్వనిని శుభ్రం చేసి వినిపిస్తే, ఆ తెగ పెద్దలు చెవి పెట్టి మాటకు మాట రాసుకున్నారు. ఇంగ్లీషు పేర్ల స్థానంలో తమ భాషలో పేర్లు పెట్టారు. 2018లో లైబ్రరీ ఆ రికార్డింగులను వెబ్‌లో పెట్టినప్పుడు పాసమక్వాడి వాళ్లు ఇచ్చిన లేబుళ్లు కూడా వాటిపక్కన పెట్టింది. ఇవి ఎవరివో ఆ లేబుళ్లు చెబుతాయి. అన్నీ అందరికీ తెరవలేదు. తమ సొంత ముకుర్తు సైటు కూడా వాళ్లకు ఉంది. పాడినవాళ్ల మనుమల మనుమలకు పాట తిరిగి చేరింది, తెగిన నోళ్లు మళ్లీ కలిశాయి.

ఆ లేబుళ్ల సంగతి కొంచెం చెప్పాలి. క్రిస్టెన్, జేన్ ఆండర్సన్ కలిసి 2010లో మొదలుపెట్టిన లోకల్ కాంటెక్స్ట్స్ అనే సంస్థ ఆదివాసీ సమాజాల కోసం వీటిని తయారుచేసింది. ఇది ఆడవాళ్లది, ఇది ఫలానా కాలంలోనే వినాలి, ఇది కుటుంబానిది, పేరు చెప్పకుండా వాడొద్దు అని ఒక్కో లేబులూ ఒక్కో మాట చెబుతుంది. లేబుల్ చట్టం కాదు. పట్టించుకోనివాణ్ని ఆపలేదు. ఊరి పొలిమేర రాయిలాంటిది. దాటేవాడికి దాటుతున్నానని తెలుస్తుంది.

ఇక మన సంగతి. ఈ సాఫ్ట్‌వేర్‌ను మెచ్చుకోవడం తేలిక, నడపడం కష్టం. డబ్బు కట్టి కొనక్కరలేదన్న మాట నిజమే కానీ, దానికి సర్వర్ కావాలి, ఏటా దాని అద్దె కట్టాలి, చూసుకునే మనిషి ఉండాలి. ముకుర్తు కింద డ్రూపల్ అనే ఇంకో ఓపెన్ సోర్స్ పునాది ఉంది. ముకుర్తు చాలాకాలం నిలబడ్డ ఏడో డ్రూపల్‌కు 2025 జనవరితో మద్దతు ఆగిపోయింది. దాని మీద కట్టుకున్న సైట్లకు కొత్తదానికి మారాల్సిన అవసరం వచ్చింది. మట్టిగోడకు ఏటా అలికినట్టే ఇదీ. పదేళ్ల కింద ఉత్సాహంగా మొదలుపెట్టి, చూసేవాడు లేక మూతపడే సైట్లు లోకంలో చాలా ఉంటాయి. మన పిల్లల్లో కంప్యూటర్ డిప్లొమా చదివినవాళ్లు ఉన్నారు, వాళ్లలో కనీసం ఇద్దరు దీన్ని నేర్చుకుంటే తప్ప మొదలుపెట్టొద్దనే మా సలహా. ఒక్కరైతే ఉద్యోగం వచ్చి పోతారు.

ఇంకో లోపం ఏ సాఫ్ట్‌వేరూ తీర్చలేనిది. పాస్‌వర్డ్ ఉన్న మనిషి తెర మీద బొమ్మను ఫోన్‌తో ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే ఎవరేం చేస్తారు? తాళం మనిషి మీదే ఆధారపడి ఉంది.

అమ్మాయిలు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది, అది మేమే అడుగుతాం. తాళం పేరుతో పెద్దమనుషులు ఆడవాళ్లను, చిన్నవాళ్లను బయట నిలబెట్టరా? నిలబెట్టే ప్రమాదం ఉంది. అందుకు వారుముంగు పద్ధతిలో మాకు నచ్చినదేమంటే, ఆడవాళ్ల జ్ఞానానికి తాళంచెవి ఆడవాళ్ల చేతిలోనే ఉంటుంది. ఆ ఊరి మగపెద్ద కూడా దాన్ని తెరవలేడు. ఎవరికి ఏది అని తేల్చే సమావేశంలో ఆడవాళ్లు కూర్చోకపోతే, ఆ తాళాలన్నీ ఒక్క చేతి కిందికే పోతాయి. కాబట్టి మన దగ్గర ఆ చర్చ జరిగిన రోజున అవ్వలను వంటింట్లోంచి పిలుచుకురావాలి.

మనకూ ఇలాంటి తాళాలు ఎప్పటినుంచో ఉన్నాయి. కేస్లాపూర్‌లో నాగోబా దగ్గర మెస్రం వంశం కొత్త కోడళ్లకు భేటింగ్ అయ్యేదాకా దేవుని దర్శనం లేదు. ఇది ముకుర్తు చెప్పే నియమం కన్నా ఏం వేరు? మన సగల కథలు, పెన్‌ల కథలు ఆ ఇళ్లకు వంశపారంపర్యంగా కట్టుబడ్డ పర్ధాన్‌లు, తోటిలు కింగ్రి మీద చెబుతారు. ఒక పర్ధాన్ తాత రాత్రంతా పాడిన కథను ఎవరో మూడు నిమిషాలకు కత్తిరించి, పేరు లేకుండా, సినిమా పాట మ్యూజిక్ కలిపి పెడుతున్నారు. తాతకు అందిందేమీ లేదు, ఏ ఇంటి కథో ఆ ఇంటికి చెప్పిందీ లేదు. దండారిలో గుస్సాడి ఆట ఊరందరి ముందు ఆడేది. మార్లవాయి గుస్సాడి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ కూడా వచ్చింది, అది దేశమంతా చూడాలి. ఆ దీక్ష నియమాలు, ఇంట్లో జరిగే పూజ వేరు సంగతి. ఒకే పండుగలో రెండూ ఉన్నాయి, రెంటికీ ఒకే మీట నొక్కకూడదు.

తాళం వేయకూడనివి కూడా ఉన్నాయి, ఇది కూడా గట్టిగా చెప్పాలి. భూమి పట్టాలు, గూడల పాత పేర్లు, ఊరి సరిహద్దులు, అటవీ హక్కుల కాగితాలు ఎవరి దగ్గరా దాగి ఉండకూడదు. ఒకరి పెట్టెలో ఉన్న కాగితం చెదలు తిన్నాక ఊరంతా బాధపడుతుంది. అక్షరాలూ అంతే. గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. అది ఎంతమంది ఫోన్లలో కనబడితే అంత మంచిది. ముకుర్తులో నిఘంటువు కట్టుకునే ఏర్పాటు కూడా ఉంది. మాటకు పక్కన అవ్వ గొంతు జతచేయొచ్చు. మన పనిని అక్కడినుంచి మొదలుపెడితే ఎవరికీ అభ్యంతరం ఉండదని మా అంచనా.

సర్వర్ ఎప్పుడు వస్తుందో, డబ్బు ఎవరు పెడతారో సంఘం చూసుకుంటుంది. దానికి ముందు చేయాల్సిన పనికి కరెంటు కూడా అక్కరలేదు. దండారికి ఇళ్లకు వెళ్తారు కదా, పెట్టెల్లో ఉన్న పాత ఫోటోలు తీయించండి. అందులో ఉన్నవాళ్లు ఎవరో, ఎవరి పక్కన ఎవరున్నారో, ఏ గూడలో తీసిందో అడగండి. ఇది ఎవరు చూడొచ్చు, ఎవరు చూడకూడదు అనీ అడగండి. వద్దంటే ఎందుకని వాదించకుండా "వద్దన్నారు" అనే రాయండి. చెప్పినవారి పేరు, తేదీ వేయండి. ఫోటో వెనక మెత్తని పెన్సిల్‌తో, ఒత్తకుండా రాయాలి. బాల్‌పెన్‌తో గట్టిగా రాస్తే గీత ముందువైపు మొహం మీద తేలుతుంది, జెల్ ఇంకైతే పక్క ఫోటోకు అంటుకుంటుంది.